ముడి దగ్గర ఆగిన తాడు

గత సంచికలో పర్వతారోహకుడు, రచయిత జో సింప్సన్ గురించి వేసిన పరిచయం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఆ సంచిక చూడనివాళ్ళ కోసం అసలు సంగతి క్లుప్తంగా: 1985 జూన్‌లో సింప్సన్, సైమన్ యేట్స్ అనే ఇద్దరు బ్రిటిష్ కుర్రాళ్ళు పెరూ దేశపు ఆండీస్‌లో 6,344 మీటర్ల సియులా గ్రాండే శిఖరాన్ని పడమటి ముఖం మీదుగా ఎక్కారు. అంతకుముందు ఆ దారిన ఎవరూ ఎక్కలేదు. దిగేటప్పుడు సింప్సన్ కుడికాలు మోకాలి దగ్గర విరిగింది. యేట్స్ అతణ్ణి తాడుతో కిందికి దించుతూ వచ్చాడు. చివరికి ఆ తాడే కోయాల్సి వచ్చింది. చనిపోయాడనుకున్న సింప్సన్ మూడు రోజులకు పైగా పాక్కుంటూ బేస్ క్యాంప్ చేరాడు. ఆ కథను 1988లో ‘టచింగ్ ది వాయిడ్’ పేరుతో పుస్తకంగా తెచ్చాడు.

ప్రశ్న: రెండు తాళ్ళు ముడేసి దించాడు, ముడి అడ్డం పడింది అని రాశారు. అసలు మనిషిని ఎలా దించుతారు? ముడి ఎక్కడ అడ్డం పడుతుంది? నాకు బొమ్మ కట్టలేదు, కాస్త విడమరిచి చెప్పండి.
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: వాళ్ళ దగ్గర 150 అడుగుల తాళ్ళు రెండున్నాయి. కలిపి ముడేస్తే 300 అడుగులు, అంటే 90 మీటర్లకు కాస్త పైన. ఒక కొస సింప్సన్ హార్నెస్‌కి (నడుముకి, తొడలకి బిగించుకునే పట్టీల అమరిక), రెండో కొస యేట్స్ హార్నెస్‌కి కట్టుకున్నారు. యేట్స్ ముందుగా మంచులో ఒక గుంట తవ్వి, అందులో కూర్చుని, మడమలు ఎదుటి అంచుకి తన్నిపెట్టేవాడు. మేకు దిగగొడితే నిలిచే గట్టిమంచు అక్కడ లేదు. అంతా పొడిమంచు. కాబట్టి ఆ గుంటే ఆధారం, యేట్స్ ఒళ్ళే లంగరు.

తాడు అతని హార్నెస్‌కి తగిలించిన బెలే ప్లేట్ గుండా నడుస్తుంది. ప్లేట్ అంటే కన్నాలున్న చిన్న లోహపు బిళ్ళ. తాడును మడిచి కన్నంలోంచి దూర్చి, అవతల క్యారబినర్‌కి (తెరిచి మూయగల లోహపు కొక్కెం) తగిలిస్తారు. అక్కడ తాడు మెలిక తిరిగి రాపిడి పుడుతుంది కాబట్టి, 70-80 కిలోల మనిషినైనా చేతి పట్టుతో మెల్లగా వదలొచ్చు. అయితే ఆ కన్నం తాడు మడత పట్టేంతే ఉంటుంది. నూతి చేద తాడుకి ముడి ఉంటే గిలక దగ్గర ఎలా ఆగిపోతుందో, ఇక్కడా ముడి వచ్చి ప్లేట్‌కి తన్నుకుని ఆగిపోతుంది.

దీనికి వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. సింప్సన్ 150 అడుగులు దిగేసరికి ముడి ప్లేట్ దగ్గరికొస్తుంది. అప్పుడు సింప్సన్ బాగున్న కాలి మీద నిలబడి తాడు మీంచి తన బరువు తీసేస్తాడు. తాడు వదులైన ఆ కాసేపట్లో యేట్స్ దాన్ని ప్లేట్‌లోంచి విప్పి, ముడి కిందివైపుకి పోయేలా మళ్ళీ ఎక్కించి, మిగతా 150 అడుగులు దించుతాడు. అది పూర్తయ్యాక సింప్సన్ ఉన్నచోటే తర్వాతి గుంట తవ్వడం మొదలుపెడితే, యేట్స్ పైనుంచి ఏ ఆసరా లేకుండా దిగొస్తాడు. కనుమ నుంచి కింది గ్లేసియర్ (మంచునది) దాకా దాదాపు 3,000 అడుగులు, అంటే పది విడతల పని. తుఫానులో, పొద్దుగూకాక కూడా అలాగే దించుకుంటూ వచ్చారు.

ఈ పద్ధతంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. ప్రతి విడత మధ్యలో సింప్సన్ తన కాలి మీద నిలబడగలగాలి. గ్లేసియర్ ఇక దగ్గరపడిందనుకున్నప్పుడు, చీకట్లో, వాలు ఉన్నట్టుండి తెగిపోయింది. కింద ముందుకు పొడుచుకొచ్చిన మంచుగోడ. సింప్సన్ దాని అంచు మీంచి జారి గాల్లో వేలాడాడు. కాలు ఆన్చడానికి ఏమీ లేదు. పైన ముడి ప్లేట్ దాకా వచ్చి ఆగింది. గాలి హోరులో ఒకరి కేక ఒకరికి వినపడదు. సింప్సన్ ఎందుకు బరువు తీయడం లేదో యేట్స్‌కి తెలియదు.

ముడి లేకుండా ఒక్కో తాడుతో 150 అడుగుల చొప్పున దించి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. అప్పుడు ఇరవై విడతలు, ఇరవై గుంటలు. వేళ్ళు గడ్డకట్టిపోతున్న యేట్స్‌కి అంత వ్యవధి లేదు. ఆ లెక్కలో మాకు తప్పేమీ కనిపించదు.

ప్రశ్న: దించగలిగినవాడు పైకి లాగలేడా?
(ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: లాగలేడు. దించేటప్పుడు రాపిడి మనకి సాయం చేస్తుంది, లాగేటప్పుడు అదే రాపిడి ఎదురు తిరుగుతుంది. తాడు మంచుగోడ అంచుని కోసుకుంటూ లోపలికి దిగబడి ఉంటుంది కాబట్టి, లాగాల్సింది సింప్సన్ బరువొక్కటే కాదు. కప్పీ పద్ధతిలో మూడింతల లాభం వచ్చే అమరిక ఉన్నమాట నిజమే. అయితే అసలు కప్పీలు లేకుండా క్యారబినర్లతో చేస్తే రాపిడికి పోగా రెండింతలు మిగలడమే గొప్ప. దానికైనా కదలని లంగరు కావాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. యేట్స్‌కి ఈ రెండూ లేవు. గుంట అంచు విరిగి పడుతుంటే, అంగుళం అంగుళం కిందికి జారుతూ, గంటకు పైగా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ప్రశ్న: సింప్సన్ చేతులు బాగానే ఉన్నాయి కదా, తాడు పట్టుకుని తానే ఎక్కిరావచ్చు కదా? మా అబ్బాయి ప్రూసిక్ ముడితో ఎక్కొచ్చంటున్నాడు.
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది సరైన మాట. సింప్సన్ చేయబోయింది కూడా అదే.

ప్రూసిక్ అంటే సన్నతాడు ఉంగరాన్ని పెద్దతాడు చుట్టూ మూడుసార్లు తనలోంచే తిప్పి బిగించే ముడి. బరువు పడితే పట్టేస్తుంది, బరువు తీస్తే చేత్తో పైకి జరపొచ్చు. 9 మిల్లీమీటర్ల తాడుకి 5 లేదా 6 మిల్లీమీటర్ల సన్నతాడు వాడతారు. రెండూ ఒకే మందం ఉంటే పట్టదు. తాడు తడిసినా, మంచుపొర కట్టినా మూడు చుట్లు చాలవు, నాలుగో చుట్టు కూడా వేయాలి. ఎక్కడానికి రెండు ఉంగరాలు కావాలి. ఒకటి హార్నెస్‌కి, ఒకటి పాదానికి. పాదపు ఉంగరంలో లేచి నిలబడి హార్నెస్ ఉంగరాన్ని పైకి జరపాలి. దాని మీద కూర్చుని పాదపు ఉంగరాన్ని జరపాలి. ఒక్క ఉంగరంతో ఎక్కడం కుదరదు.

సింప్సన్ దగ్గర రెండే ఉన్నాయి. మొద్దుబారిన వేళ్ళతో, పళ్ళ సాయంతో తంటాలు పడి ఒకటి వేయగలిగాడు. రెండోది వేయబోతుంటే చేతిలోంచి జారి చీకట్లోకి పడిపోయింది. వేళ్ళకి స్పర్శ లేనప్పుడు జారిన సంగతి కూడా కళ్ళు చెబితేనే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు శిక్షణలో ఆ ఉంగరాలను ముందే హార్నెస్‌కి విడివిడిగా తగిలించి ఉంచమంటారు. చేతిలోకి తీసుకునేటప్పుడు రెండో కొస ఎప్పుడూ హార్నెస్‌కే అంటి ఉండాలి.

ప్రశ్న: ఎన్ని చెప్పినా బతికున్న స్నేహితుడి తాడు కోయడం పాపం కాదా? మీరు యేట్స్‌ని వెనకేసుకొస్తున్నట్టు అనిపించింది.
(ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: అవును, వెనకేసుకొస్తున్నాం. దానికి కారణాలున్నాయి.

గుంట కూలిపోతోంది. ఇంకాసేపుంటే యేట్స్ ఊడిపోయి, సింప్సన్ మీదుగా ఇద్దరూ కిందికి పోతారు. కోయకపోవడం వల్ల సింప్సన్ బతికే దారి లేదు. కోస్తే కనీసం ఒకరు మిగులుతారు. యేట్స్ ఒంటిచేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో సంచిలోంచి చాకు తీశాడు. అంత బిగుతుగా ఉన్న తాడుకి కోత అక్కర్లేదు, అంచు తగిలితే చాలు. తగలగానే తెగింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకవేళ కోయకపోయి ఉంటే సింప్సన్ ఆ రాత్రి చలికి, గాలికి తాడుకి వేలాడుతూనే చనిపోయేవాడు. తాడు తెగి, మంచుగోడ కింద ఉన్న పగుల్లో పడి, లోపల ఒక మంచు అరుగు మీద ఆగాడు. అక్కడ గాలి లేదు. ఆ కోతే అతని ప్రాణం కూడా కాపాడింది. ఇది యేట్స్ తెలిసి చేసింది కాదు, ఆ సంగతి మేమూ ఒప్పుకుంటాం.

యేట్స్ ఆ విషయం దాచలేదు. చూసిన సాక్షి లేడు. కొస తెచ్చి ‘అంచుకి రాసుకుని తెగింది’ అంటే నమ్మేవాళ్ళు. బేస్ క్యాంప్‌లో సామాను చూసుకుంటూ ఉండిపోయిన రిచర్డ్ హాకింగ్‌కి దిగగానే ఉన్నదున్నట్టు చెప్పాడు. సింప్సన్ క్యాంప్ చేరాక మొదట చెప్పిన మాటల్లో యేట్స్‌కి కృతజ్ఞత ఉంది. బ్రిటన్ చేరాక పర్వతారోహకుల్లో కొందరు యేట్స్‌ని తప్పుపట్టారు. ఆ మాటలకు జవాబు చెప్పడం సింప్సన్ కలం పట్టడానికి ఒక ముఖ్య కారణం. కోయించుకున్నవాడే కోసినవాడి పక్షాన పుస్తకం రాశాడు. యేట్స్ చెప్పింది విని, అతని వైపు కథను అతని గొంతుతోనే, ‘నేను’ అంటూ వేరే అచ్చు అక్షరాల్లో మధ్యమధ్య పెట్టాడు. ఆ పుస్తకంలో మాకు అన్నిటికన్నా విలువైన భాగాలు అవే. కొండల గురించి రాసిన ఆత్మకథల్లో పక్కవాడికి ఇంత చోటిచ్చినవి తక్కువ.

ప్రశ్న: చుట్టూ మంచే కదా, వాళ్ళకి దాహం ఎందుకయింది? గ్యాస్ అయిపోవడం అంత పెద్ద విషయమా?
(ఒక విద్యార్థిని, కర్నూలు)

జవాబు: చాలా పెద్ద విషయం. నిజానికి వాళ్ళ కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచును నీళ్ళుగా మార్చడానికి పట్టే వేడితో, అదే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. సముద్రమట్టానికి 6,000 మీటర్ల ఎత్తున నీళ్ళు దాదాపు 80 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి, అక్కడ ఖర్చయ్యే గ్యాస్‌లో సగం కరిగించడానికే పోతుందన్నమాట. పొడిమంచులో ఎక్కువ భాగం గాలి. గిన్నె నిండా వేస్తే అడుగున కాసిని నీళ్ళు మిగులుతాయి. మాటిమాటికీ మంచు వేస్తూ కూర్చోవాలి.

ఆ ఎత్తులో ఒక మనిషికి రోజుకి మూడు నాలుగు లీటర్లు కావాలి. లీటరు కరిగించి కాచడానికి, గాలి తగలని చోట అయితే, 30 గ్రాముల గ్యాస్ దాకా పడుతుంది. ఇద్దరికి రోజుకి 200 గ్రాములు అనుకోండి. శిఖరం నుంచి దిగడం అనుకున్నదానికన్నా ఆలస్యమై, కొండ మీద ఒక రాత్రి అదనంగా గడపాల్సి వస్తే ఈ లెక్క తప్పుతుంది. వాళ్ళకి తప్పింది. గట్టిదారి అనుకున్న ఉత్తర గట్టు మంచు చూరులతో, కాలు పెడితే దిగబడే పొడిమంచుతో గంటలు మింగేసింది. కాలు విరగకముందే గ్యాస్ నిండుకుంది. అందుకే, కాలు విరిగాక ఒక రాత్రి మంచుగూట్లో ఆగి తుఫాను పోనిద్దాం అనే వీలు లేకుండా పోయింది.

మంచు తినొచ్చు కదా అంటారేమో. తింటే కరిగించే వేడి మీ ఒంట్లోంచే పోతుంది. చలికి వణుకుతున్నవాడు తింటే వచ్చే నీళ్ళకన్నా పోయే వేడి ఎక్కువ నష్టం. హిమాలయాలకి వెళ్ళే మనవాళ్ళకి ఒక సూచన: గట్టి చలిలో బ్యూటేన్ ఆవిరవడం మానేస్తుంది. డబ్బాలో గ్యాస్ ఉన్నా మంట రాదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినవి కొనండి. రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. అదనంగా ఒక రోజుకి సరిపడా పట్టుకెళ్ళండి.

ప్రశ్న: పగుల్లోంచి పైకి రాకుండా, ఇంకా కిందికి దిగాడని రాశారు. అచ్చుతప్పా?
(ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: అచ్చుతప్పు కాదు. కాలు విరిగినవాడు నిలువు మంచుగోడ ఎక్కాలంటే ఒక్క కాలికే క్రాంపాన్ (మంచులో పట్టు కోసం బూటు కింద కట్టే ముళ్ళ చట్రం) పనికొస్తుంది. ప్రయత్నించాడు, పడ్డాడు. తాడు లాగి చూస్తే కొస కోసి ఉంది, అంటే యేట్స్ బతికే ఉన్నాడు, తనకోసం రాడు. అప్పుడు గోడలోకి ఐస్ స్క్రూ బిగించి, ఉన్న తాడుతో చీకట్లోకి దిగాడు.

తాడు కొసకి ఎప్పుడూ ముడి వేసుకోమని రాపెలింగ్ (తాడు మీద కిందికి దిగడం) నేర్పేవాళ్ళందరూ చెబుతారు. కొస ప్లేట్‌లోంచి జారిపోతే మనిషి పడిపోతాడు కాబట్టి. సింప్సన్ కావాలనే ముడి వేయలేదు. కింద నేల దొరక్కపోతే తాడు చివర వేలాడుతూ రోజులకొద్దీ చావడం కన్నా పడిపోవడం నయమనుకున్నాడు. దిగుతుంటే పలచని మంచు నేల తగిలింది. దాని అవతల వెలుగులోకి ఎక్కే వాలు కనిపించింది. ఆ వాలు మీద మంచు గొడ్డలి నాటి, గెంతుతూ, మళ్ళీ నాటుతూ గంటల తరబడి ఎక్కి ఎండలోకి వచ్చాడు.

తర్వాత దాదాపు 8 కిలోమీటర్లు. మొదట గ్లేసియర్, ఆపైన మొరైన్, అంటే గ్లేసియర్ తోసుకొచ్చి పోసిన బండరాళ్ళ గుట్టలు. పడుకునే నురుగు చాప కోసి కాలికి చుట్టి, క్రాంపాన్ పట్టీలతో బిగించాడు. చేతిగడియారం చూసుకుని, ఎదురుగా ఒక రాయిని గురిపెట్టి, ‘ఇరవై నిమిషాల్లో అక్కడికి’ అని గడువు పెట్టుకుంటూ సాగాడు. మొత్తం దూరం గురించి ఆలోచిస్తే అడుగు పడేది కాదు. యేట్స్, హాకింగ్ క్యాంప్ ఎత్తేసి వెళ్ళిపోవడానికి కొన్ని గంటల ముందు, రాత్రివేళ వాళ్ళకి అతని అరుపు వినిపించింది.

ప్రశ్న: ఆయన అంతకుముందే రచయితా? ఇంకా ఏం రాశాడు? దేనితో మొదలుపెట్టమంటారు?
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: సింప్సన్ 1960లో కౌలాలంపూర్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం చదివాడు, కానీ ఈ ప్రమాదం దాకా పుస్తకమేదీ రాయలేదు. ఆరు ఆపరేషన్లయ్యాయి. ఇక ఎక్కలేవని డాక్టర్లు చెప్పారు. రెండేళ్ళకి మళ్ళీ ఎక్కాడు. 1988లో పుస్తకం రాగానే పర్వత సాహిత్యానికిచ్చే బోర్డ్‌మన్ టాస్కర్ బహుమతి, మరుసటేడు కథేతర పుస్తకాలకిచ్చే ఎన్‌.సి.ఆర్. బహుమతి వచ్చాయి. 2003లో కెవిన్ మెక్‌డొనాల్డ్ దాన్ని సినిమాగా తీశాడు.

‘దిస్ గేమ్ ఆఫ్ గోస్ట్స్’ (1993) ఆత్మకథ. ఆల్ప్స్‌లో రాత్రి పడుకున్న రాతి అరుగు కూలిపోయి, గోడకి కట్టిన తాడుకి వేలాడుతూ తెల్లవారేదాకా గడిపిన 1983 సంఘటన అందులో ఉంది. ‘డార్క్ షాడోస్ ఫాలింగ్’ (1997) మన దేశపు పాఠకులు తప్పక చదవాల్సింది. 1992లో ఎవరెస్ట్ సౌత్ కోల్ (శిఖరం కింది కనుమ) మీద ఒక భారతీయుడు చనిపోతూ చెయ్యి ఊపుతుంటే, కొద్ది గజాల దూరంలో గుడారంలో ఉన్నవాళ్ళు బయటికి రాలేదన్న సంఘటన నుంచి ఆ పుస్తకం కదులుతుంది. శిఖరం కోసం మనిషిని దాటిపోవచ్చా అని సూటిగా నిలదీస్తుంది. నవలలు కూడా రాశాడు. మా దృష్టిలో అతని బలం నవల కాదు, జరిగినదాన్ని వరసలో చెప్పడం.

మొదట ‘టచింగ్ ది వాయిడ్’ చదవండి. రెండోది ‘ది బెకనింగ్ సైలెన్స్’ (2002). స్విట్జర్లాండ్‌లోని ఐగర్ పర్వతపు ఉత్తర ముఖం మీదికి అతను వెళ్ళడం, వెనక్కి రావడం, చివరికి పెద్ద కొండలు మానుకోవాలనుకోవడం అందులో ఉన్నాయి. ఆ ముఖం మీదే 1936లో టోనీ కుర్జ్ చనిపోయాడు. రక్షించడానికి వచ్చినవాళ్ళు తాడు పొడవు చాలక ఇంకోటి కలిపి ముడేసి పంపారు. దిగుతున్న కుర్జ్ క్యారబినర్‌లో ఆ ముడి ఇరుక్కుంది. గడ్డకట్టిన చేతులతో దాన్ని దాటించలేక, వాళ్ళకి కొద్ది మీటర్ల పైన ప్రాణం వదిలాడు. సింప్సన్ ఆ కథ దగ్గర అంతసేపు ఎందుకు ఆగాడో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మన మల్లి మస్తాన్ బాబు చనిపోయింది కూడా ఆండీస్‌లోనే. అది ఈ కొండేనా?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: కాదు. 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మస్తాన్ బాబు 2015లో చనిపోయింది చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ పర్వతం మీద. సియులా గ్రాండేకి అది దాదాపు 2,000 కిలోమీటర్లు దక్షిణాన ఉంది. పర్వతశ్రేణి మాత్రం ఒకటే.

ప్రశ్న: నేను భువనగిరి కొండ మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటున్నాను. కిందున్న మనిషి బరువు తీయలేని స్థితిలో ముడిని ఎలా దాటించాలి? ఇప్పుడు పద్ధతి ఉందా?
(ఒక విద్యార్థి, యాదాద్రి భువనగిరి జిల్లా)

జవాబు: ఉంది. రాతికి గట్టి లంగరు ఉంటేనే. ప్లేట్ లంగరుకి ఉండాలి, మీ ఒంటికి కాదు. ముడి ప్లేట్‌కి మూర దూరంలో ఉండగానే ఆపి, ప్లేట్ వెనక తాడును కట్టేయండి. ప్లేట్‌కి కిందివైపు, చేతికి అందేంత దగ్గరలో, బరువున్న తాడుకి ప్రూసిక్ వేయండి. దాన్ని బరువు మీదుండగానే విప్పగలిగే మంటర్-మ్యూల్ ముడితో లంగరుకి కట్టండి. ఇప్పుడు ప్లేట్ కట్టు విప్పి కొద్దిగా వదిలితే బరువంతా ప్రూసిక్ మీదికి వస్తుంది. ప్లేట్‌లోంచి తాడు తీసి, ముడికి ఇవతల, ముడిని దాదాపు ఆనుకుని మళ్ళీ ఎక్కించి కట్టేయండి. మంటర్-మ్యూల్ విప్పి మెల్లగా వదలండి. బరువు ప్లేట్ మీదికి తిరిగొస్తుంది. ప్రూసిక్ తీసేసి దించడం కొనసాగించండి.

ఎక్కువగా తప్పేది మూడు చోట్ల. ముడి ప్లేట్‌కి మరీ దగ్గరికి వచ్చాక ఆపితే, బరువు ప్రూసిక్ మీదికి పోకముందే ముడి ఇరుక్కుంటుంది. ప్రూసిక్ మరీ కిందికి వేస్తే, తీసేటప్పుడు చేతికి అందదు. ప్లేట్ విప్పే ముందు వెనక తాడుకి లంగరు దగ్గర ఇంకో రక్షణ ముడి వేయకపోతే, ప్రూసిక్ జారినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. మొదట మనిషి బదులు ఇసుక బస్తా కట్టి, కోచ్ పక్కన ఉండగా, చేతి తొడుగులు వేసుకుని సాధన చేయండి. తొడుగులతో చేయడం వస్తేనే మంచులో వస్తుంది.